పడ్డాక రావలసిన మాట

ఉప్పల్,
2025 నవంబరు 10, సోమవారం

తాతా,

ఇవాళ పొద్దున్నే ఒక వింత జరిగింది. పళ్లు తోముకుంటుండగా నాకు ఉద్యోగం వచ్చింది! జీతం లేదు, ఆఫీసు లేదు. పని మాత్రం మాటలు వెతకడం.

హృషికేశ్ అన్న గుర్తున్నాడా? మా కాలేజీలో సీనియర్. పోయిన బోనాలకు మీ ఇంటికొచ్చి నానమ్మ చేసిన సర్వపిండి ఒక్కడే నాలుగు తిన్నాడు, ఆ అన్న. అతనూ ఇద్దరు స్నేహితులూ బోడుప్పల్‌లో ఒక మేడ మీద స్కేట్‌బోర్డు ఆట మొదలుపెట్టారు. ఆ ఆటలో మాటలన్నీ ఇంగ్లిషే. "మన పిల్లలు ఆడే ఆటకు మన మాటలు లేకుంటే ఎట్ల? నువ్వు తెలుగు బి.ఏ. గద, నలభై మాటలు వెట్టియ్యి," అన్నాడు. గడువు ఈ నెల 24, సోమవారం. ఆలోపు నా మాటలు కుదరకపోతే ఇంగ్లిషు మాటలనే తెలుగు అక్షరాల్లో రాసేస్తారట. అలా జరగనివ్వకూడదు. నేను పెట్టిన మాటను ముక్కూ మొహం తెలియని పిల్లలు వీధుల్లో అరుస్తారని తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

ఆడకుండా మాటలు పెట్టలేను కదా. సాయంత్రం ఆ మేడ మీదికి వెళ్లి మొదటిసారి ఆడాను. నాలుగు చక్రాల పలక మీద నిలబడి పోవడం, ఎగరడం, మెట్ల పక్కనుండే ఇనుప కడ్డీ ఎక్కి కిందిదాకా జారడం, ఇదీ ఆట. బొత్తాలు గుర్తుపెట్టుకోవడమే సగం చదువు. ఒకటి నొక్కితే ఎగురుతాం, ఇంకొకటి నొక్కితే కాళ్ల కింద పలక గిర్రున తిరుగుతుంది, మరొకటి నొక్కి పడితే కడ్డీ దొరుకుతుంది. గంటలో యాభై మూడు సార్లు పడ్డాను. లెక్క నాది కాదు, అదే లెక్కపెడుతుంది.

కడ్డీ మీద జారడాన్ని 'గ్రైండ్' అంటారు. ముప్పై రెండేళ్లు గ్రైండింగ్ మిషన్ మీద పనిచేసినవాడివి నువ్వు. దాన్ని మీ కార్ఖానాలో తెలుగులో ఏమనేవారు?

ఉత్తరం నాన్న టిఫిన్ సంచిలో పెడుతున్నాను. ఫోన్లో నేనొకటంటే నీకొకటి వినబడుతుంది. మన పాత పద్ధతే మేలు.

నీ కొత్త ఉద్యోగి,
మనస్విని


నాచారం
11-11-25, మంగళవారం

బిడ్డా మనస్విని,

మీ నాయిన డ్యూటీకి వోతవోత నీ ఉత్తరం ఇచ్చిండు. నానమ్మకు సదివి వినిపించిన. "యాభై మూడు సార్లు పడ్డదా!" అని ఆమె పొయ్యి మీద పాలు మర్సింది. పాలు పొంగినయి. ఆ పాపం నీదే.

నువ్వు పుస్తకం భాషల రాస్తవు, నేను నోటికొచ్చినట్టు రాస్త. ఏమనుకోకు.

జర నాకు సమజ్ కానియ్యి. మేడ మీద ఆడుడేంది? పిట్టగోడ ఉన్నదా? ఎంత ఎత్తు? బొత్తాలు యాడ ఉంటయి, కాలికిందనా, చేతులనా? మా మిషన్‌కు పచ్చదొకటి, ఎర్రదొకటి ఉండేటియి. పచ్చది ఎవడన్న నొక్కుతడు. ఎర్రది యాడున్నదో ముందుగాల సూసుకున్నోడే పనోడు. నీ దానికి ఎర్రది ఉన్నదా లేదా?

గ్రైండింగును మేము సానవట్టుడు అనేటోళ్లం. గానీ సానవడ్తె ఇనుము తరుగుతది. నీదాంట్ల ఏది తరుగుతది, పలకనా, కడ్డీనా? తెల్వకుంట మాట ఇయ్యను.

నానమ్మ పసుపు, కొబ్బరినూనె పంపుతున్నది. మోకాళ్లకు వెట్టు.

మీ తాత మొగిలయ్య
(చెవులే పోయినయి, బుద్ధి ఉన్నది)


ఉప్పల్,
నవంబరు 12, బుధవారం

తాతా,

నీ ఉత్తరం మెట్రోలో చదివి ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్కావిడ సీటు మారింది. పచ్చ బొత్తాం, ఎర్ర బొత్తాం! నీకు ఇంత హాస్యం ఎక్కణ్నుంచి వస్తుంది? అన్నట్టు, నిజంగానే రెండూ ఉన్నాయి. ఎర్రది నొక్కితే పలకను చేత్తో పట్టుకుని గాల్లో తేలతాం. నానమ్మ పసుపు పనికొచ్చింది. మోకాళ్లకు కాదు, బొటనవేళ్లకు రాసుకున్నాను. నొప్పంతా అక్కడే.

ఇవాళ్టి మాటలు విను. ఎగరడమో జారడమో ఒక విద్య చేసి నేలకు దిగగానే ఆగకుండా దానికి ఇంకొకటి, ఇంకొకటి కలుపుతూ పోవాలి. దీన్ని కాంబో అంటారు. ఐదు కలిపితే వచ్చిన పాయింట్లన్నీ ఐదింతలవుతాయి. ఐదోదాంట్లో పడ్డావో, మొదటి నాలుగూ కూడా సున్నా! దీనికి 'ఏకబిగి' అని పెట్టాను. మా సారు "ఏకబిగిన చదివేశాను" అంటారు చూడు, ఆ బిగి. ఒక విద్యకూ ఇంకో విద్యకూ నడుమ ఏకబిగి తెగకుండా ముందు చక్రాలు లేపి, వెనక చక్రాల మీదే పోతారు. దాని పేరు మాన్యువల్. అప్పుడొక ముల్లు అటూ ఇటూ ఊగుతుంటుంది, దాన్ని నడిమధ్యలో నిలపాలి. ఆ ముల్లుకు 'తూకం', ఆ పోకకు 'తూగు'. ఎలా ఉన్నాయి? మాటలైతే వచ్చాయి కానీ నాకు మాన్యువల్ ఇంకా రాలేదు.

ఇవాళ ఉప్పల్ మెట్రో మెట్ల రెయిలింగ్ కూడా ఎక్కాను. గంటలో నలభై సార్లు బెయిల్! హృషికేశ్ అన్నకూ బెయిలే. ఆ మాటకు తెలుగు దొరకలేదు.

ఇంకొక ముచ్చట. దారి పొడుగునా గాల్లో అక్షరాలు వేలాడుతుంటాయి. రెండు నిమిషాల్లో ఎగిరెగిరి అన్నీ అందుకుంటే ఒక మాట అవుతుంది. అక్కడ నాలుగక్షరాల తెలుగు మాట పెట్టాలి. నేనైతే తెలుగులో ఉన్న నాలుగక్షరాల మాటలన్నిటినీ వరసగా తలుచుకుంటున్నాను. నువ్వూ ఆలోచించు.

ఏకబిగిన రాసిన,
మనస్విని


నాచారం
13-11-25, గురువారం

మనస్విని,

ముందుగాల ఇది చెప్పు. పోలీసోళ్లు నిన్ను యాడ వట్టుకున్నరు? నలభై సార్లు బెయిలా! నా డెబ్బై ఏండ్లల నేను ఒక్కపారి సుత తెచ్చుకోలే. మెట్రో రెయిలింగు ఎక్కితె వట్టుకోరా మరి? మీ నాయిననడిగితె "ఏమో బాపు, పిల్ల ఇంట్లనే ఉంటది గద" అని బండి స్టార్ట్ జేసిండు. కన్నబిడ్డ సంగతి గంత తెలుసు ఆయనకు. మన గల్లీల వకీలు సూర్యకళ మేడం ఉన్నది. ఆమె నంబరు కాయితం వెనక రాసిన, దాసుకో.

మాన్యువల్ రాలేదంటివి. మిషన్‌తోని మాన్యువల్ బుక్కు రాకుంటె కంపెనీని అడగాలె. మేము సదవకపోయినా అడిగి తీసుకునేటోళ్లం.

అక్షరాలు ఏ తీగకు గట్టిన్రు? కరెంటు తీగల పక్క ఎగురకు.

ఇగ అసలు సంగతి. బొటనవేళ్లు నొస్తున్నయంటె పలక కురుచైనట్టు. పాదం వట్టక వేళ్లు బిగవడ్తున్నయి. నీ పాదం కాయితం మీద వెట్టి సుట్టూ గీసి పంపు. ఏ కాలు ముందట వెడ్తవో రాయి. ఎందుకని అడగకు.

ఏకబిగి మంచిగున్నది.

తాత


ఉప్పల్,
నవంబరు 14, శుక్రవారం

నవ్వించి చంపే తాతకు,

వకీలు నంబరు దాచుకున్నాను! బెయిల్ అంటే ఈ ఆటలో పడిపోవడమే. పోలీసులు లేరు, కోర్టూ లేదు. నీ ఉత్తరం చదివి హృషికేశ్ అన్న "తాతను మా టీమ్‌ల వేసుకుంటం" అన్నాడు. పడడానికి 'పాటు' అని పెడదామనుకుంటున్నాను. పడు నుంచి పాటు. పొరపాటులో ఉన్నది ఇదే పాటేమో! ఇన్నాళ్లూ నోట్లో పెట్టుకుని తిరుగుతూ చూడనేలేదు.

పాదం గీసి పంపుతున్నాను. ఎందుకో నాకు తెలుసు. నానమ్మ పోయినేడు పట్టీలు చేయిస్తానంది. అడగొద్దన్నావు కనుక అడగడం లేదు. ఏ కాలు ముందంటే, ఆటలోనూ మొదట అదే అడుగుతారు. చాలామంది ఎడమ కాలు పెడతారు. కుడికాలు ముందు పెట్టేవాళ్లకు ఇంగ్లిషులో 'గూఫీ' అని పేరు. అంటే కాస్త తిక్కవాళ్లని. కొత్తింట్లోకి కుడికాలు పెట్టి వెళ్లేవాళ్లం, మనకది తిక్కెలా అవుతుంది? నేను కుడికాలే. పేరు కూడా 'కుడికాలు' అనే పెట్టాను.

ఒక్కచోట మాత్రం గట్టిగా ఇరుక్కున్నాను. పడ్డవాళ్లకు వెంటనే ఒక మాట కనబడాలి, లేచి మళ్లీ ఆడమని. 'మళ్లీ ప్రయత్నించండి' అని రాశాను. చదివితే ఏటీఎం మాట్లాడినట్టుంది. 'మీరు' అనాలా, 'నువ్వు' అనాలా? ఆ గడి ఖాళీగా ఉంచాను.

నీ కుడికాలు మనవరాలు,
మనస్విని


నాచారం
17-11-25, సోమవారం

బిడ్డా,

పాదం అందింది. వేళ్లు అచ్చం మీ నానమ్మయే. పోలీసుల్లేరంటివి, నమ్మిన. నంబరు మాత్రం పారెయ్యకు.

పడ్డోణ్ని ఎవలన్న 'మీరు' అంటరా? పడ్డోడు మనోడే అయితడు.

గ్రైండ్ సంగతి తేలింది. ఉమాపతి తెలుసు గద, నాతోని పనిచేసినోడు, ఇప్పుడు సొంతం లేత్ షెడ్డు పెట్టుకున్నడు. వాడు ఫోన్ల బోర్డు బొమ్మ సూపిండు. కడ్డీకి తాకేది అల్యూమినియం ఇరుసట. అల్యూమినియం ముక్క ఇనుప పైపు మీద వెట్టి లాగి సూసిన. తరుగుడు గీతంతనే. గది సాన గాదు, ఒరుసుకుంట పోవుడు. లారీ గోడకు ఒరుసుకపోయిందంటం గద. 'ఒరుపు' అని రాయి.

నేను నాలుగొద్దులసంది పొద్దుగాల్నే బయటికి వోతున్న. ఆకలి మస్తయితున్నది. నానమ్మ "ఈ ముసలోనికి ఏం బుట్టింది" అంటున్నది. నువ్వు ఆ పరాయోళ్ల పలక ఎక్కకు. ఒక్క వారం ఆగు.

తాత


ఉప్పల్,
నవంబరు 19, బుధవారం

తాతా,

ఈ ఉత్తరంలో నవ్వు లేదు.

నిన్న సాయంత్రం నాన్న వచ్చి, హెల్మెట్ తీయకుండానే అడిగాడు. "ఏంది మనూ, నువ్వు నిజంగనే బోర్డు మీద వోతున్నవా?"

"లేదు నాన్నా, కంప్యూటర్ల."

నాన్న హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "తాత ఐదు దినాలసంది ఉమాపతి మామ షెడ్డుల నీకు బోర్డు చేస్తున్నడు. రిటైరయి ఆరేండ్లు, ఒక్క మిషన్ ముట్టలే. గేటు కాడ కుర్చేసుకోని రోడ్డు సూసుకుంట కూసునేటోడు. ఇప్పుడు చక్రాలు తిప్పుకుంట పాట వాడుతున్నడు."

తాతా, నేను ఆడుతున్నది వీడియో గేమ్. మేడ మీద గది ఉంది, అందులో కంప్యూటర్ ఉంది. నేను కుర్చీలో కూర్చుని బొత్తాలు నొక్కుతాను, తెర మీద బొమ్మ పిల్ల బొమ్మ పలక మీద పోతుంది. మెట్రో మెట్లు బొమ్మవే. గాల్లో అక్షరాలకు తీగలు లేవు. పడేది ఆ పిల్ల. నొప్పి నా చేతి బొటనవేళ్లకు, బొత్తాలు నొక్కీ నొక్కీ.

తప్పు 'ఆట' అనే మాట మీదికి తోసేద్దామని చాలాసేపు చూశాను. కబడ్డీ ఆటే, ఇదీ ఆటే, మాట ఒకటే అయినప్పుడు నేనేం చేసేది అని. కానీ నువ్వు పిట్టగోడ గురించి అడిగావు, ఎర్ర బొత్తాం గురించి అడిగావు, మోకాళ్లకు పసుపు పంపావు. నువ్వు జోకులేస్తున్నావని నేను నవ్వుకున్నాను. మాటలంటే ప్రాణమని చెప్పుకుంటూ నీ మాటలే సరిగా చదవలేదు.

ఏమీ చెప్పకుండా బోర్డు తీసుకుందామని కూడా అనిపించింది. అప్పుడు నువ్వు పాట ఆపవు కదా. కానీ తెల్వకుంట మాట ఇయ్యను అన్నవాడివి నువ్వు. తెలియకుండా నీతో పని చేయించుకోవడం ఇంకా పెద్ద తప్పు.

ఆట వీడియో నాన్న ఫోన్‌లో పెట్టాను. చూడటం చూడకపోవడం నీ ఇష్టం.

మనస్విని


నాచారం
20-11-25

మనస్విని,

ఉత్తరం అందింది. పసుపు వాపసు పంపు. ఇంట్ల అయిపోయింది.

మొగిలయ్య


నాచారం
21-11-25, శుక్రవారం

బిడ్డా,

నిన్నటి ఉత్తరం నేను రాయలే, నా కోపం రాసింది. పసుపు ఇంట్ల డబ్బెడున్నది.

నిన్న షెడ్డుకు వోలే. పొద్దంత గేటు కాడ కూసున్న. పొద్దుగూకె యాళ్లకు ఉమాపతి వచ్చిండు. "ఏం మొగిలన్నా, మూడు చక్రాలు చేసి నాలుగోది మింగినవా?" అన్నడు. సంగతి చెప్పిన. నవ్వుతడనుకున్న. వాడు నవ్వలే. "అయితేంది? ఆ బొమ్మ పోరి ఎట్ల వోతదో సూద్దాం పా" అన్నడు. గప్పుడే మీ నాయిన డ్యూటీ దిగి వచ్చిండు. ముగ్గురం ఫోన్ల నీ వీడియో సూసినం. నానమ్మతోని నలుగురమైనం. ఆ పోరి పడ్డప్పుడల్ల నానమ్మ "అయ్యో బిడ్డా" అనవట్టె. బొమ్మనే అంటె ఇనదు.

బిడ్డా, అండ్ల రెండు తప్పులున్నయి. ఒకటి, ఒరుపుల రవ్వలు లేస్తున్నయి. అల్యూమినియం ఒరిస్తె రవ్వ రాదు. ముప్పై రెండేండ్లు రవ్వలు సూసిన కండ్లు ఇవి. రెండు, సప్పుడు. నాకు ఇనవడలే గానీ ఫోన్ వెనక వేలు వెట్టి సూసిన. సానరాయి ఒణికినట్టే ఒణుకుతున్నది. ఒరుపు గట్ల ఒణకదు, సన్నగ గీకుతది. పైపు మీద చేయి వెడ్తె తెలుస్తది. మీ హృషికేశ్‌కు చెప్పు, ఏమనుకోవద్దను.

ఇయ్యాల పొద్దుగాల వోయి నాలుగో చక్రం చేసిన. చేసిన పని సగంల ఇడిస్తె నిద్ర వట్టదు. చక్రాలు నైలాను, లోపట 608 బేరింగులు. పలక మన పాత తలుపుది, టేకు. నీ పాదం కాయితం దాని మీద వెట్టి కొలిచిన, నాలుగు వేళ్లు ఎక్కువనే ఉంచిన. కుడికాలు ముందటికి.

కుర్సీల కూసోని ఇన్ని మాటలు వెడితివి, మంచిదే. ఒక్కపారి దీని మీద నిలవడి సూడు. ముందుగాల నిలవడుడు రావాలె. ఎగురుడు తర్వాత సంగతి.

మీ తాత మొగిలయ్య


ఉప్పల్,
నవంబరు 22, శనివారం

తాతా,

నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను, హృషికేశ్ అన్న నాలుగుసార్లు చదివాడు. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని రవ్వలు తీసేశాడు. రవ్వలు లేకుండా చూస్తే ఇప్పుడు ఆ పిల్ల నిజంగా జారుతున్నట్టుంది. చప్పుడు సంగతి అడిగితే తల గోక్కున్నాడు. "నెట్ల దొరికింది పెట్టిన, ఎవలు కనిపెడ్తరులే అనుకున్న. వేలు వెట్టి పట్టుకున్నడా తాత! మనకు అసలు బోర్డు ఏడుంది మరి, సప్పుడు రికార్డు చేద్దామంటే?" అన్నాడు. ఎక్కడుందో చెప్పాను.

నువ్వు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. 'నిలవడుడు'. నా పుస్తకం భాషలో 'నిలబడు'. వేళ్లు మడిచి లెక్కపెట్టాను: ని, ల, బ, డు. నాలుగక్షరాలు! పరుగెత్తి మా సారును అడిగితే, నిలువుకు పడు చేరి నిలబడు అయిందన్నారు. చూశావా తాతా, నిలబడులో పడు ఉంది! ఇన్నేళ్లుగా అందరం లేచి నిలబడుతూనే ఉన్నాం, ఎవరూ చెప్పలేదు. గాల్లో వేలాడేది ఈ మాటే. మొదటి మూడు అక్షరాలూ ఎగిరితే అందుతాయి. 'డు' ఒక్కటీ మెట్ల రెయిలింగ్ చివర పెట్టించాను. ఒరుపు వస్తేనే దొరుకుతుంది.

ఈ ఆటలో ఎవరికి కావలసిన చోటు వాళ్లు కట్టుకోవచ్చు. గోడలు, మెట్లు, వాలు రోడ్లు. నేను మీ గల్లీ కట్టాను. గేటు దగ్గర నీ కుర్చీ పెట్టాను, ఖాళీగా. నువ్వు షెడ్డుకు వెళ్లావన్నమాట.

ముప్పై తొమ్మిది మాటలు అయిపోయాయి. ఎల్లుండి ఇచ్చేయాలి. నలభైవది ఆ ఖాళీ గడే, పడ్డవాళ్లకు కనబడాల్సిన మాట. 'మళ్లీ ప్రయత్నించండి' కొట్టేశాను. పడ్డవాడు మనవాడే అన్నావు, అక్కడిదాకా తెలిసింది. అసలు మాట కుర్చీలో కూర్చుని దొరికేది కాదు.

అందుకని రేపటి సంగతి విను. ఆదివారం, మీ కార్ఖానాల రోడ్డు మీద ఒక్క లారీ ఉండదు. పొద్దున ఆరింటికి నాన్న నన్ను బండి మీద తీసుకొస్తాడు. హృషికేశ్ అన్న మైకు పట్టుకుని వెనకే వస్తాడు. ఉమాపతి తాతను ఇనుప పైపు తెమ్మను. నానమ్మ సర్వపిండి చేస్తే అన్న కాదనడు. పసుపు వాపసు పంపడం లేదు, నాతోనే తెస్తున్నాను. ఈసారి మోకాళ్లకే.

నువ్వు పలక పక్కన నిలబడు. నేను కుడికాలు ముందు పెట్టి ఎక్కుతాను. తప్పకుండా పడతాను. పడగానే నీ నోటి నుంచి మొదట ఏ మాట వస్తే, ఆ గడిలో అదే రాస్తాను. ముందే ఆలోచించి పెట్టుకోకు.

పెన్ను జేబులో పెట్టుకుని వస్తున్న,
మనస్విని